పాత జిప్సీ రేడియేటరు పై హోస్ ఘాట్‌లో పగిలింది: ఒక్కటే మార్చాలా, అన్నీ మార్చాలా?

నర్సీపట్నం_జిప్సీ
మా నాన్నగారు 2005లో కొన్న మారుతి జిప్సీ, 1298 సీసీ ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు అందించే) ఇంజను, ఇప్పటికి లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన ఆదివారం తెల్లవారుజామున ఇంట్లోవాళ్ళతో లంబసింగి వెళుతూ డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతుండగా మొదట ఏదో తీయటి వాసన వచ్చింది, కాసేపటికి బానెట్ అంచుల నుంచి ఆవిరి లేచింది. ఉష్ణోగ్రత ముల్లు సగం దగ్గర ఉన్నది కాస్తా కిందికి దిగడంతో ప్రమాదమేమీ లేదనుకొని, బండి నిలపడానికి చోటు దొరికేదాకా దాదాపు కిలోమీటరు నడిపాను. దిగి చూస్తే రేడియేటరు పై హోస్ (ఇంజను నుంచి వేడి నీటిని రేడియేటరు పైభాగానికి తెచ్చే రబ్బరు గొట్టం), థర్మోస్టాట్ (నీరు వేడెక్కాకే దారి తెరిచే కవాటం) వైపు కొనలో, క్లిప్పు పక్కనుంచి రెండంగుళాల పొడవున నిలువుగా చీలి ఉంది. బయటి రబ్బరు మీద పగుళ్ళు లేవు, నలుపు కూడా పోలేదు.

చీలిన కొనను కోసేసి, మిగిలిన హోస్‌నే లాగి బిగించి, నీళ్ళు పోసుకొని మెల్లగా ఇంటికి చేరాను. ఇక్కడి మెకానిక్ ఒక తిన్నని రబ్బరు పైపు చూపించి దానినే వంచి బిగిస్తానంటున్నాడు. అలా చేయవచ్చా? పగిలిన ఒక్కదాన్ని మార్చితే చాలా, లేక మిగిలినవి కూడా తీసేయాలా? ఆ కిలోమీటరు వల్ల ఇంజనుకు ఏమైనా జరిగిందా అన్నది ఎలా తెలుసుకోవాలి?

పాడేరు_ఘాట్
మీ మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముందు చూడవలసినది. ముల్లు కిందికి దిగింది ఇంజను చల్లబడినందువల్ల కాదు. ఆ సెన్సారు నీటిలో మునిగి ఉన్నప్పుడే సరిగా చెబుతుంది, నీళ్ళు పోయి దాని చుట్టూ ఆవిరీ గాలీ మిగిలితే తప్పు లెక్క చూపిస్తుంది. ఆవిరి కనబడి ముల్లు పడిపోయిందంటే చోటు మంచిదా కాదా అని చూడకుండా అక్కడికక్కడే ఇంజను ఆపాలి. నీళ్ళు ఎంతసేపటికి పోశారు, ఎలాంటి నీళ్ళు పోశారు?

నర్సీపట్నం_జిప్సీ
ఇరవై నిమిషాలు ఆగి, పక్కనే ఉన్న గెడ్డలోని నీళ్ళు పోశాను. జనవరి నెల కావడంతో అవి బాగా చల్లగా ఉన్నాయి.

పాడేరు_ఘాట్
ఇరవై నిమిషాలు చాలవు. ఆ ఇంజనుకు బ్లాకూ (సిలిండర్లు ఉండే మొండెం) హెడ్డూ (దాని మీద కూర్చునే పైభాగం) రెండూ అల్యూమినియమే కాబట్టి, అంత వేడి మీద చల్లటి నీళ్ళు పడితే హెడ్ వంగిపోయే అవకాశం ఉంది. కనీసం ముప్పావు గంట ఆగి, రేడియేటరు మూత మీద మందపాటి గుడ్డ వేసి మొదటి మెట్టు వరకే తిప్పి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగాక తీసి, కొద్దికొద్దిగా పోయాలి.

ఇప్పుడు చూడవలసినవి ఇవి. రాత్రంతా ఆగిన ఇంజనులో ఆయిల్ మూత తీసి లోపల వెన్నలాంటి తెల్లటి నురగ ఉందేమో చూడండి. రేడియేటరు మూత తీసి ఉంచి ఇంజను వేయించి నీటిలో ఆగకుండా బుడగలు వస్తున్నాయేమో చూడండి. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు మరొకటి ఉంది: చల్లటి ఇంజను వేసిన ఒకటి రెండు నిమిషాలకే, అంటే నీరు వేడెక్కక ముందే, పై హోస్ రాయిలా గట్టిపడితే సిలిండరులోని వాయువు నీటిలోకి వస్తున్నట్టే లెక్క. అప్పుడు హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పని తేలేవరకు కొత్త హోస్ గురించి ఆలోచించి ప్రయోజనం లేదు.

రబ్బరు_లెక్క
వాహనాల రబ్బరు భాగాలు పరీక్షించే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను కనుక, బయట బాగున్న హోస్ లోపల ఎందుకు చీలిందో చెబుతాను.

ఈ హోసులు ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు, మధ్యలో బలానికి దారపు అల్లిక ఉంటుంది. ఈ రబ్బరు వేడికీ ఎండకూ బాగా ఓర్చుకుంటుంది. దాన్ని దెబ్బ తీసేది మరొకటి. ఒకవైపు ఇంజను లోహం, మరొకవైపు రేడియేటరు లోహం, మధ్యలో విద్యుత్తును మోయగల ద్రవం, ఇవన్నీ కలిసి ఒక చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. రబ్బరులో కలిపే నల్లటి కార్బన్ వల్ల హోస్ కూడా ఆ వలయంలో భాగమవుతుంది. ఏళ్ళ తరబడి జరిగే ఈ చర్య వల్ల లోపలి పొరలో కంటికి కనబడని నిలువు గీతలు మొదలవుతాయి, వాటి గుండా ద్రవం లోపలి దారపు అల్లికను చేరి బలాన్ని తినేస్తుంది, చివరికి ఒకనాడు ఒత్తిడి ఎక్కువైనప్పుడు చీలిక బయటపడుతుంది. ఇది ఎక్కువగా లోహపు మూతికి (హోస్‌ను తొడిగే గొట్టం కొనకు) దగ్గరగా, అంటే క్లిప్పు నుంచి రెండంగుళాల లోపే జరుగుతుంది. మీ హోస్ చీలినది అక్కడే.

అందుకే కంటితో చూసి హోస్ బాగుందని తీర్పు చెప్పవద్దు. ఇంజను పూర్తిగా చల్లబడ్డాక క్లిప్పు పక్కన బొటనవేలితోనూ చూపుడువేలితోనూ నొక్కండి, అరచేతితో కాదు. మధ్యభాగం కన్నా కొన మెత్తగా తగిలినా, వేళ్ళ కింద గాడి తెలిసినా లోపల చీలిక మొదలైనట్టే. ఆ కోసేసిన ముక్క పారేయకుండా ఉంటే నిలువుగా చీల్చి లోపలివైపు చూడండి, నేను చెప్పినది మీకే కనబడుతుంది.

బెజవాడ_ఆటోనగర్
ముప్పై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. రబ్బరు_లెక్క గారు చెప్పిన శాస్త్రం నిజమే కావచ్చు గానీ, అన్నీ ఒకేసారి మార్చడం నా అనుభవంలో ఎప్పుడూ మంచిది కాలేదు. జిప్సీ తయారీ ఆగిపోయి చాలా కాలమైంది, ఇప్పుడు అంగళ్ళలో దొరికే హోసుల్లో పలుచటి అల్లిక ఉన్నవి, అసలు అల్లికే లేనివి కూడా ఉన్నాయి. బండితో వచ్చిన అసలు హోస్ ఇంకా గట్టిగా ఉంటే దాన్ని తీసేసి ఊరూ పేరూ లేని కొత్తది పెట్టడం కన్నా, దానినే ఉంచడం మేలు. పగిలినది మార్చండి, మిగిలినవి నొక్కి చూసి వదిలేయండి.

తిన్నటి పైపు విషయంలో మాత్రం మీ మెకానిక్‌కు వద్దని చెప్పండి. వంపు దగ్గర అది చప్పిడైపోయి నీటి దారి సగానికి తగ్గుతుంది, పైగా మూతుల్ని పక్కకు లాగుతూ ఉంటుంది. అచ్చులో పోసిన వంపు హోసే కావాలి.

వరంగల్_ఎర్రమట్టి
బెజవాడ_ఆటోనగర్ గారి అనుభవం పట్ల గౌరవం ఉన్నా ఈ మాటతో నేను ఏకీభవించలేను. మూడేళ్ళ క్రితం నా డీజిల్ జీపులో పై హోస్ పోతే దాన్నొక్కదాన్నే మార్చాను, కింది హోస్ గట్టిగానే ఉందని మెకానిక్ వదిలేశాడు. నాలుగు నెలలు తిరగకుండానే ములుగు దాటిన తర్వాత, రాత్రి పదకొండింటికి, అడవి మధ్యలో అదే కింది హోస్ తెగింది. పిల్లలతో సహా తెల్లవారేదాకా బండిలోనే కూర్చున్నాము. ఒకే రోజు పుట్టి, ఒకే నీళ్ళు తాగి, ఒకే వేడిని భరించిన రబ్బరు అది, ఒకటి పోయాక రెండోదానికి ఆయుష్షు ఎంత మిగిలి ఉంటుందని నమ్మాలి?

బెజవాడ_ఆటోనగర్
పిల్లలతో రాత్రంతా అడవిలో ఉండవలసి రావడం చాలా బాధాకరం, అది విన్నాక నేను పట్టుబట్టను. అయితే కొత్తవి కొనేటప్పుడు కొనలో తెగిన అంచును చూసి, రబ్బరు మధ్యలో దారపు అల్లిక చుట్టూ సమానంగా ఉందో లేదో పరిశీలించి కొనండి. అల్లిక ఒక పక్కకు జరిగి ఉన్నది ఎంత చవకగా వచ్చినా వద్దు.

నర్సీపట్నం_జిప్సీ గారూ, ఇంకొక విషయం అడగాలి. పొద్దున్నే చల్లటి ఇంజను మీద చూసినప్పుడు పై హోస్ ఎప్పుడైనా లోపలికి పీల్చుకుపోయినట్టు, చప్పిడిగా కనబడేదా?

నర్సీపట్నం_జిప్సీ
అవునండీ, ఏడాదిగా చాలాసార్లు అలా కనబడింది. ఇంజను వేడెక్కాక మామూలుగా గుండ్రంగా అయ్యేది, అందువల్ల పట్టించుకోలేదు. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు ఎప్పుడూ గీత దగ్గరే ఉండేవి, ఒక్కసారి కూడా తగ్గలేదు.

బెజవాడ_ఆటోనగర్
అయితే దోషం దొరికింది. మీ రేడియేటరు మూత చెడిపోయింది.

ఆ మూతలో రెండు వాల్వులు ఉంటాయి. వేడెక్కి ఒత్తిడి హద్దు దాటినప్పుడు పెద్ద వాల్వు లేచి ఎక్కువైన నీటిని డబ్బాలోకి వదులుతుంది. ఇంజను చల్లారి నీరు కుదించుకున్నప్పుడు మధ్యలోని చిన్న వాల్వు తెరుచుకొని డబ్బాలోని నీటిని తిరిగి లోపలికి పీల్చుకోనిస్తుంది. మీ మూతలో చిన్న వాల్వు తుప్పుతో అంటుకుపోయి ఉంటుంది, అందుకే నీటిని తెచ్చుకోలేక రేడియేటరు హోస్‌నే పీల్చేసింది. డబ్బాలో నీళ్ళు ఎప్పుడూ తగ్గకపోవడాన్ని మీరు మంచి గుర్తు అనుకున్నారు, నిజానికి రేడియేటరులో నీరు తగ్గుతున్నా డబ్బాలోది లోపలికి పోనందువల్లే అది నిండుగా ఉంది. డబ్బాను మాత్రమే చూసి బండి తీసేవాళ్ళు ఎందరో ఇలాగే మోసపోయారు. వారానికొకసారి, పొద్దున్నే, చల్లటి ఇంజను మీద రేడియేటరు మూత తీసి లోపల చూడాలి.

రబ్బరు_లెక్క
రోజూ ఒకసారి చప్పిడై మళ్ళీ ఉబ్బడం వల్ల ఆ కదలికంతా క్లిప్పు పక్కనే పడుతుంది, ఎందుకంటే మూతి మీద ఉన్న రబ్బరు కదలదు, దాని పక్కది కదులుతుంది. లోపల నేను చెప్పిన గీతలు ముందే ఉంటే ఈ కదలిక వాటిని త్వరగా తెరిచేస్తుంది. మూత మార్చకుండా హోస్ మాత్రం మార్చి ఉంటే కొత్తది కూడా ఇదే దారి పట్టేది. కొనేటప్పుడు పాత మూత మీద అచ్చువేసిన ఒత్తిడి అంకెతో సరిపోల్చి అదే అంకె ఉన్నది తీసుకోండి, ఎక్కువ అంకె ఉన్నది బలమైనదనుకొని కొనవద్దు.

లోతుగెడ్డ_బండి
దారిలో ఇలా జరిగితే హోస్ చీలిన చోట కట్టు కట్టి, రేడియేటరు మూత వదులుగా పెట్టుకొని నడిపితే చాలు, ఒత్తిడి లేక కట్టు నిలుస్తుంది. నేను రెండుసార్లు అలాగే ఇల్లు చేరాను.

పాడేరు_ఘాట్
ఒత్తిడి లేకపోతే కట్టు నిలుస్తుందన్నది నిజమే, కానీ దానికి చెల్లించే మూల్యం కూడా తెలిసి ఉండాలి. మూత 0.9 బార్ ఒత్తిడి నిలిపితే నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. మూత వదులు చేస్తే మైదానంలో 100 డిగ్రీలకు, లంబసింగిలాంటి సుమారు 1000 మీటర్ల ఎత్తులో 97 డిగ్రీల లోపే మరుగుతుంది. థర్మోస్టాట్ తెరుచుకోవడమే 80 డిగ్రీలు దాటాక కదా, మిగిలే వెసులుబాటు చాలా తక్కువ. దిగుడులో, ఖాళీ బండితో, ఐదారు కిలోమీటర్లకొకసారి ఆగి చూసుకుంటూ వస్తే సరే గానీ, ఎక్కుడులో ఆ పని చేయవద్దు.

కర్నూలు_సుధ
మా జిప్సీకి హోసులన్నీ నేనే రెండుసార్లు మార్చాను కనుక, ఎక్కడ తప్పు జరుగుతుందో నాకు తెలిసినంత వివరంగా రాస్తాను.

ముందు రేడియేటరు అడుగున ఉన్న డ్రెయిన్ విప్పి కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) అంతా ఒక బకెట్టులోకి పట్టి, ఎన్ని లీటర్లు వచ్చిందో కొలిచి రాసుకోండి. తిరిగి నింపేటప్పుడు ఆ అంకె దగ్గరకు రాకపోతే లోపల గాలి ఉన్నట్టు తెలుస్తుంది. క్లిప్పులు విప్పాక పాత హోస్‌ను పట్టకారుతో మెలిపెట్టి లాగవద్దు. ఏళ్ళ తరబడి అతుక్కుపోయిన రబ్బరు ఊడి రావడానికి బదులు రేడియేటరు మూతి దగ్గర అతుకు వదిలేసిన బండిని నేను చూశాను, రెండు గంటల పని వారం రోజుల పని అయింది. ఎలాగూ పారేసేదే కాబట్టి బ్లేడుతో కొన దగ్గర నిలువుగా గాటు పెట్టి అరటి తొక్కలా ఒలిచేయండి, లోహం మీద గీత పడకుండా మాత్రం చూడండి.

ఇక అందరూ వదిలేసే పని మూతుల్ని శుభ్రం చేయడం. థర్మోస్టాట్ గూడు అల్యూమినియం కావడం వల్ల హోస్ కింద తెల్లటి పొక్కులు కట్టి ఉంటుంది. దాని మీదే కొత్త హోస్ ఎక్కిస్తే క్లిప్పును ఎంత బిగించినా సన్నగా కారుతూనే ఉంటుంది, బిగించిన కొద్దీ రబ్బరు తెగుతుంది. సన్నటి ఎమరీ కాగితంతో నున్నగా అయ్యేదాకా రుద్ది, తడి గుడ్డతో తుడవండి. గుంతలు లోతుగా పడి ఉంటే గూడునే మార్చాలి. హోస్ జారడానికి గ్రీజు గానీ ఇంజను ఆయిల్ గానీ రాయకండి, ఈపీడీఎం రబ్బరు నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. కాస్త కూలెంటే రాస్తే చాలు.

మూతి మీద చుట్టూ ఒక చిన్న ఉబ్బు ఉంటుంది. హోస్ ఆ ఉబ్బు దాటి లోపలికి పూర్తిగా వెళ్ళాలి, క్లిప్పు ఆ ఉబ్బుకూ హోస్ కొనకూ మధ్య కూర్చోవాలి. ఉబ్బు నెత్తి మీద బిగించిన క్లిప్పు ఎప్పటికైనా జారుతుంది. క్లిప్పు గాళ్ళలోంచి రబ్బరు పైకి పొడుచుకు వచ్చిందంటే ఎక్కువ బిగించినట్టు. పాత క్లిప్పులు తిరిగి వాడకండి. హోస్ ఫ్యాను రెక్కలకూ బెల్టుకూ తగలకుండా ఉందో లేదో ఇంజను ఆపి ఉన్నప్పుడే ఫ్యానును చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి.

నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలపండి, హీటరు ఉంటే దాని మీటను పూర్తి వేడి వైపు పెట్టండి. సన్నటి ధారగా పోస్తూ హోసులు నొక్కుతూ ఉంటే బుడగలు పైకి వస్తాయి. మూత తీసి ఉంచే ఇంజను వేయించి, పై హోస్ వేడెక్కేదాకా, అంటే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఆగితే మట్టం ఒక్కసారిగా దిగుతుంది, అప్పుడు మళ్ళీ నింపి మూత పెట్టండి. మొదటిసారి ఇక్కడ తొందరపడి మూత ముందే పెట్టేశాను, లోపల చిక్కిన గాలి వల్ల ముల్లు రెండు రోజుల పాటు పైకీ కిందికీ ఊగుతూ నన్ను చాలా కంగారు పెట్టింది.

నల్గొండ_రైతు
కూలెంటు కలపడానికి బోరు నీళ్ళు వాడవద్దు. మా ప్రాంతపు బోరు నీళ్ళు పొయ్యి మీద మరిగిస్తే గిన్నెకు తెల్లటి పొర కట్టినట్టే, రేడియేటరు సన్నటి గొట్టాల్లో కూడా పొర కడుతుంది. మా ట్రాక్టరు రేడియేటరు విప్పించినప్పుడు సగం గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ సీసాల ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు.

లోతుగెడ్డ_బండి
మన దగ్గర గడ్డకట్టే చలి ఉండదు కదా, ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోస్తే సరిపోదా?

రబ్బరు_లెక్క
సరిపోదు. కూలెంటు చలి కోసం మాత్రమే కాదు. నీటితో సగానికి సగం కలిపిన ఇథిలీన్ గ్లైకాల్ (కూలెంటులోని ముఖ్య ద్రవం) సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదన్నది మనకు అక్కరలేకపోవచ్చు, కానీ అందులో కలిపే తుప్పు నిరోధకాలు అల్యూమినియం ఇంజనుకు ప్రాణం. కర్నూలు_సుధ గారు చెప్పిన తెల్లటి పొక్కులు ఆ నిరోధకాలు అయిపోయాక వచ్చేవే. పాత పద్ధతి పచ్చ కూలెంటు అయితే రెండేళ్ళకొకసారి మార్చాలి. రంగును నమ్మి వేరు వేరు రకాలు కలపకండి, రంగు తయారీదారు ఇష్టం, లోపలి రసాయనం వేరు.

పెర్త్_తెలుగువాడు
ఇక్కడ ఆస్ట్రేలియాలో ఊళ్ళ మధ్య వందల కిలోమీటర్లు ఎవరూ ఉండరు కనుక, పాత ల్యాండ్ క్రూజర్లు నడిపేవాళ్ళు చాలామంది కూలెంటు మట్టం తగ్గగానే మోగే అలారం పెట్టించుకుంటారు. ముల్లు చెప్పలేని సంగతి అది చెబుతుంది, ఎందుకంటే అది వేడిని కాక నీరు ఉందా లేదా అన్నదాన్నే చూస్తుంది. మీ జిప్సీకి కూడా ఒకటి పెట్టించుకోవచ్చు. హోసుల విషయానికి వస్తే నేను సిలికాన్‌వి వేశాను, ఎక్కువ వేడికి ఓర్చుకుంటాయి.

బెజవాడ_ఆటోనగర్
సిలికాన్ మెత్తన కనుక మామూలు గాళ్ళ క్లిప్పు దాన్ని కోసేస్తుంది, లోపల నునుపు పట్టీ ఉన్న క్లిప్పులు వేయాలి. పైగా దాని గుండా తేమ కొద్దికొద్దిగా బయటకు పోతుంది కాబట్టి మట్టం తరచుగా చూసుకోవాలి. మామూలు జిప్సీకి మంచి ఈపీడీఎం హోస్ చాలు.

పశువైద్యం_చింతపల్లి
బకెట్టులోకి పట్టిన కూలెంటును దయచేసి పెరట్లోనో కాలువలోనో పారబోయకండి, మూత లేకుండా ఒక్క రాత్రి కూడా ఉంచకండి. ఇథిలీన్ గ్లైకాల్ తీయగా ఉంటుంది, కుక్కలు ఇష్టంగా నాకుతాయి, పిల్లులూ తాగుతాయి, అది మూత్రపిండాలను నాశనం చేస్తుంది. తాగిన తొలి గంటల్లో తెస్తే ఏదైనా చేయగలం, మర్నాడు తెచ్చినవాటిని బతికించడం దాదాపు అసాధ్యం. నేల మీద చిందితే మట్టి చల్లి ఎత్తి, ఎక్కువ నీళ్ళతో కడగండి. పిల్లలకు కూడా ఇంతే ప్రమాదం.

నర్సీపట్నం_జిప్సీ
అందరి మాటా విని రెండు రోజులు సెలవు పెట్టి పని చేశాను. ముందుగా పాడేరు_ఘాట్ గారు చెప్పిన పరీక్షలు చేశాను: ఆయిల్‌లో నురగ లేదు, బుడగలు కాసేపటికి ఆగిపోయాయి, చల్లటి ఇంజనులో హోస్ గట్టిపడలేదు. నమ్మకం కుదరక అనకాపల్లిలో పొగ వాయువును పట్టే నీలి ద్రవంతో కూడా చూపించాను, రంగు పసుపుగా మారలేదు. ఆ సంగతి ఫోన్‌లో చెప్పగానే నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత జాగ్రత్తగా తీసుకురా అన్నారు.

మూత విప్పి చూస్తే చిన్న వాల్వు గోరుతో లాగినా కదలలేదు. కోసేసిన హోస్ ముక్కను చీల్చితే లోపల నాలుగు నిలువు గీతలు ఉన్నాయి, చీలినది వాటిలో ఒకటి మాత్రమే. కింది హోస్ బయటి నుంచి నొక్కితే నాకు గట్టిగానే తగిలింది, తీసి చీల్చాక దానిలోనూ రెండు గీతలు కనబడ్డాయి. ఎవరూ ప్రస్తావించనిది ఇంకొకటి బయటపడింది: ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలిని పంపే గొట్టాలు) వైపు వెళ్ళే చిన్న హోస్ మీద వాల్వ్ కవరు (ఇంజను పై మూత) నుంచి కారిన ఆయిల్ పడి అది జెల్లీలా మెత్తబడి ఉంది. దానితో పాటు ఆ వాల్వ్ కవరు గ్యాస్కెట్‌ను కూడా మార్చాను. తీసినప్పుడు కొలిచిన అంకెకు అర లీటరు తక్కువే పట్టడంతో కర్నూలు_సుధ గారి మాట గుర్తొచ్చి మళ్ళీ వాలు మీద నిలిపి గాలి తీస్తే మిగిలినదీ పట్టింది.

వరంగల్_ఎర్రమట్టి
కింది హోస్‌లో రెండు గీతలు ఉన్నాయని చదివి నా మనసు తేలికపడింది. అది ఇంకొక ఘాట్ రోడ్డు మీద తెగవలసిన హోస్.

కర్నూలు_సుధ
కొత్త రబ్బరు మొదటి రెండు మూడుసార్లు వేడెక్కినప్పుడు క్లిప్పు కింద కొంచెం అణిగిపోతుంది. రెండు వందల కిలోమీటర్ల తర్వాత, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ప్రతి క్లిప్పునూ ఒకసారి తడిమి అవసరమైతే పావు చుట్టు బిగించండి. అప్పటి మట్టం ఎంత ఉందో కూడా రాయండి.

నర్సీపట్నం_జిప్సీ
నిన్న మళ్ళీ లంబసింగి వెళ్ళి వచ్చాను. రెండు క్లిప్పులు పావు చుట్టు పట్టాయి. పొద్దున్న మూత తీసి చూస్తే రేడియేటరు అంచు దాకా నిండుగా ఉంది, డబ్బాలో వేలెడు తగ్గింది, పై హోస్ గుండ్రంగానే ఉంది.

బెజవాడ_ఆటోనగర్
కొత్త మూత పనిచేస్తోంది. చిక్కిన గాలి పోయి దాని చోటులోకి డబ్బాలోని నీరు వచ్చింది, ఆ వేలెడు మళ్ళీ నింపండి. వారం తర్వాత కూడా తగ్గితే అప్పుడు వాటర్ పంపు కింద తడి ఉందేమో చూడాలి.